అంచు మీది పేరు ఎవరిది? పాత సైనిక వస్తువుల అసలు యజమానుల కోసం వెతుకులాట

పాత సైనిక వస్తువులు కూడబెట్టే వాళ్లను గమనిస్తే రెండు రకాలుగా కనిపిస్తారు. కొందరికి వస్తువే లోకం. హెల్మెట్ ఏ మోడల్, కత్తి ఏ కంపెనీది, బటన్ మీది కిరీటం ఆకారం ఏ రాజు కాలంలో మారింది, వాళ్ల మాటలన్నీ ఇవే. ఇంకొందరికి వస్తువు ఒక వంక మాత్రమే. అది ఎవరి ఒంటి మీద ఉండేది, అతను ఏ యుద్ధానికి వెళ్లాడు, ఇంటికి తిరిగొచ్చాడా లేదా అన్నది తేలేదాకా వాళ్లకు నిద్ర పట్టదు. ఈ రెండో రకం వాళ్లు ఈ 20 ఏళ్లలో బాగా పెరిగారు, ఎందుకంటే ఒకప్పుడు ఆర్కైవ్స్‌కు వెళ్లి రోజుల తరబడి కూర్చుంటే గానీ దొరకని కాగితాలు చాలావరకు ఇప్పుడు ఇంట్లో కూర్చునే చూడొచ్చు. మెడల్ మీద పేరుంది, పేరు కొడితే రికార్డు వస్తుంది, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కాస్త లోతుకు దిగితే గానీ తెలియదు, పేరున్న ప్రతి వస్తువుకూ మనిషి దొరకడు, దొరికిన ప్రతి మనిషీ ఆ వస్తువు యజమాని కాడు. ఎవరు దొరుకుతారు, ఎవరు దొరకరు అన్నది వెతికేవాడి తెలివి కన్నా, ఆ సైన్యంలో గుమస్తాలు పేరు ఎక్కడ రాసేవాళ్లు, వాళ్లు రాసిన కాగితాల్లో ఏవి కాలిపోకుండా మిగిలాయి అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ వార్ మెడల్‌నే తీసుకోండి. రాజు బొమ్మను వదిలేసి, అంచును దీపం కింద నెమ్మదిగా తిప్పితే చిన్న చిన్న అక్షరాల వరస ఒకటి కనిపిస్తుంది. ముందు నంబరు, తర్వాత హోదా, ఆ తర్వాత పేరు, చివర్లో రెజిమెంట్. అదే సైనికుడికి ఇచ్చిన విక్టరీ మెడల్ అంచు మీదా ఇదే ఉంటుంది, నక్షత్రం ఆకారపు మెడల్ అయిన 1914-15 స్టార్‌కైతే వెనక వైపున. వెండి వార్ మెడల్స్ దాదాపు 65 లక్షలు తయారయ్యాయి, అంటే 65 లక్షల పేర్లు ఒక్కొక్కటిగా లోహం మీద కొట్టారన్నమాట. ఈ అలవాటుకు మొదలు 1815 నాటి వాటర్లూ మెడల్. అధికారి నుంచి మామూలు సిపాయి దాకా అందరికీ ఒకే మెడల్ ఇచ్చి, యంత్రంతో అంచు మీద పేరు కొట్టడం బ్రిటిష్ సైన్యంలో అప్పుడే మొదలైంది.

మెడల్ ఇచ్చిన పద్ధతిలోనే ఒక్కోసారి సగం జీవితకథ బయటపడుతుంది. నెపోలియన్ కాలం యుద్ధాల కోసం ఇచ్చిన మిలిటరీ జనరల్ సర్వీస్ మెడల్‌కు అనుమతి వచ్చింది 1847లో, అదీ అప్పటికి బతికుండి, తానే అర్జీ పెట్టుకున్న వాళ్లకే. కాబట్టి ఆ మెడల్ మీద పేరున్న మనిషి ఎంత కుర్రాడిగా ఆ యుద్ధాల కోసం స్పెయిన్ వెళ్లినా, ముసలితనం దాకా బతికాడని వేరే కాగితం చూడకుండానే చెప్పొచ్చు.

అదే రెండో ప్రపంచ యుద్ధానికి వచ్చేసరికి బ్రిటన్ తన వాళ్లకు ఇచ్చిన స్టార్లను పేర్లు లేకుండానే పంపేసింది, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా మాత్రం పేర్లు కొట్టించాయి. బ్రిటిష్ స్టార్‌కు ఇప్పుడున్న ఏకైక ఆధారం అది పోస్టులో వచ్చిన చిన్న అట్టపెట్టె, దాని మీది చిరునామా. కానీ పెట్టె ఒకరిదీ లోపలి స్టార్లు వేరొకరివీ అయినా ఎవరికీ తెలియదు. ఖాళీ పెట్టె ఒకటి చేతికొస్తే దాన్ని నింపడం డీలర్‌కు అయిదు నిమిషాల పని.

సరే, అంచు మీద పేరుంది. ఇక అతన్ని పట్టుకోవచ్చా? ఇక్కడ మొదటి చిక్కు నంబరుతోనే. 1920కి ముందు బ్రిటిష్ సైన్యంలో నంబర్లు మొత్తానికీ కలిపి ఒక వరసలో ఉండేవి కావు, ఏ రెజిమెంట్ నంబర్లు ఆ రెజిమెంట్‌వే. కాబట్టి ఒకే నంబరు పది మందికి ఉండొచ్చు, ఒకే మనిషి యూనిట్ మారిన ప్రతిసారీ నంబరు మారొచ్చు. 1917లో టెరిటోరియల్ దళాలకు, అంటే మామూలు రోజుల్లో వేరే ఉద్యోగాలు చేసుకుంటూ పార్ట్‌టైమ్‌గా శిక్షణ పొందే దళాలకు, మళ్లీ కొత్తగా ఆరంకెల నంబర్లు ఇచ్చారు, దాంతో అటూ ఇటూ ఎక్కడికీ కదలని మనిషికి కూడా రెండు నంబర్లు వచ్చాయి. దీనికి తోడు వార్ మెడల్ మీద ఉండేది సాధారణంగా అతను మొదట ఏ యూనిట్‌తో విదేశీ యుద్ధరంగంలో అడుగుపెట్టాడో ఆ యూనిట్ పేరు. చనిపోయింది ఇంకో రెజిమెంట్‌లో అయ్యుండొచ్చు. మెడల్ మీది రెజిమెంట్ చూసి, ఆ రెజిమెంట్ పోరాడిన యుద్ధాలన్నీ అతని ఖాతాలో వేసేసి అందంగా ఫ్రేమ్ కట్టించుకున్న వాళ్లు చాలామందే ఉంటారు.

రెండో చిక్కు మంటలు. ఇది మాటవరసకి అంటున్నది కాదు, నిజంగానే మంటలు. 1940 సెప్టెంబర్‌లో జర్మన్ బాంబులు పడి లండన్‌లోని రికార్డుల గిడ్డంగి తగలబడినప్పుడు మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ సైనికుల సర్వీస్ రికార్డుల్లో దాదాపు 60 శాతం బూడిదయ్యాయి. మిగిలిన వాటిని నేషనల్ ఆర్కైవ్స్‌లో నేటికీ కాలిన పత్రాలు అనే పిలుస్తారు, అంచులు నల్లబడి, మంటలు ఆర్పిన నీళ్లకు సిరా కారిపోయి ఉంటాయి. 1945 ఏప్రిల్ 14 రాత్రి పోట్స్‌డామ్ మీద బ్రిటిష్ విమానాలు బాంబులు వేసినప్పుడు అక్కడి సైనిక ఆర్కైవ్స్‌తో పాటు జర్మనీలోని అతిపెద్ద రాజ్యమైన ప్రష్యా సైన్యపు కాగితాల్లో అత్యధిక భాగం పోయాయి. 1973 జులై 12న అమెరికాలో సెయింట్ లూయిస్ దగ్గరి రికార్డుల భవనంలో అగ్నిప్రమాదం జరిగి 1 కోటి 60 లక్షల నుంచి 1 కోటి 80 లక్షల ఫైళ్లు నాశనమయ్యాయి. 1912 నవంబర్ నుంచి 1960 జనవరి మధ్య సైన్యం నుంచి విడుదలైన వాళ్ల ఫైళ్లలో 80 శాతం అందులోనే పోయాయి, నకళ్లు కూడా లేవు.

ఈ మూడు మంటలను పక్కపక్కన పెట్టి చూస్తే కలెక్టర్ల లోకంలో చాలా సంగతులు అర్థమవుతాయి. ఒకే యుద్ధంలో ఒకే వైపు పోరాడినా, జర్మనీలోనే ఇంకో రాజ్యమైన బవేరియా సైనికుడు దొరుకుతాడు, ప్రష్యా సైనికుడు దొరకడు, ఎందుకంటే బవేరియా రిజిస్టర్లు మ్యూనిక్‌లో ఉండి బతికిపోయాయి. అమెరికా పదాతి సైనికుడి ఫైలు లేదని జవాబు వస్తుంది, అదే మెరైన్ అయితే ఫైలు చెక్కుచెదరకుండా ఉంటుంది, ఎందుకంటే నౌకాదళం, మెరైన్ల రికార్డులు ఆ మంటల్లో చిక్కుకోలేదు. ఆస్ట్రేలియా, కెనడా తమ మొదటి ప్రపంచ యుద్ధపు ఫైళ్లను పూర్తిగా స్కాన్ చేసి ఉచితంగా పెట్టేశాయి, కెనడావే 6 లక్షలకు పైగా. అందుకే కెనడా సైనికుడి మెడల్ కొన్నవాడు సాయంత్రానికల్లా అతని ఎత్తు, ఛాతీ కొలత, పళ్ల పరిస్థితి, ఎన్నిసార్లు సెలవు దాటి వచ్చి జరిమానా కట్టాడు, అన్నీ చదివేస్తాడు. అమోఘమైన పరిశోధన అని పొగడ్తలూ వస్తాయి. నిజానికి అందులో సగం ఘనత ఆ భవనానికి నిప్పంటుకోకపోవడానిది.

ఇక పేరు సరిగా రాయనే రాయని వాళ్ల సంగతి వేరే. మొదటి ప్రపంచ యుద్ధంలో భారత సైన్యంలో 13 లక్షలకు పైగా పనిచేశారు. వాళ్ల మెడల్స్ అంచున నంబరు, సిపాయి అనే మాట, ఒక్క ముక్కలో పేరు, పల్టన్ పేరు ఉంటాయి. ఊరు లేదు, తండ్రి పేరు లేదు. అదే పేరున్న సిపాయిలు అదే పల్టన్‌లో పదుల సంఖ్యలో ఉండేవాళ్లు కాబట్టి నంబరు అరిగిపోతే కథ అక్కడితో ముగిసినట్టే. లాహోర్ మ్యూజియంలో దశాబ్దాల పాటు పడి ఉన్న పంజాబ్ రిజిస్టర్లు 2021 నుంచి ఆన్‌లైన్‌లోకి రావడం మొదలయ్యాక కొంత తేడా వచ్చింది, దాదాపు 3,20,000 మంది వివరాలు ఊళ్ల వారీగా అందులో ఉన్నాయి. మిగతా ప్రాంతాల వాళ్లకు ఆ వెసులుబాటు లేదు. ఆఫ్రికా నుంచి వెళ్లిన వాళ్లది ఇంకా అన్యాయం. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 2021లో తానే వేయించిన నివేదిక ప్రకారం, చనిపోయిన వాళ్లలో కనీసం 1,16,000 మంది పేర్లు ఏ రాతి మీదా చెక్కలేదు, వాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికా, మధ్యప్రాచ్యం వాళ్లే. పరిశోధన చేసి కథ రాయగలిగిన సైనికులే కలెక్షన్లలో మెరుస్తుంటారు కాబట్టి, ఆ అల్మరాలు చూసి యుద్ధంలో ఎవరెవరు ఉన్నారో ఊహించుకుంటే పప్పులో కాలేసినట్టే.

మెడల్ కాని వస్తువుల్లో ఆధారాలు ఇంకా చిన్నవి, ఇంకా సరదా అయినవి. అమెరికా సైనికుడి కాన్వాస్ బెల్టు లోపలి వైపు, చొక్కా కాలర్ లోపల, నల్ల సిరాతో ఒక అక్షరం, పక్కన నాలుగంకెలు కనిపిస్తాయి. దీన్ని లాండ్రీ గుర్తు అంటారు, అక్షరం ఇంటిపేరులో మొదటిది, అంకెలు సర్వీస్ నంబరులో చివరి నాలుగు. ఉతికిన బట్టలు తిరిగొచ్చినప్పుడు ఎవరివి వాళ్లు తీసుకోవడానికి పెట్టిన ఏర్పాటు ఇది. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో రెండో ప్రపంచ యుద్ధపు చేరికల డేటాబేస్ ఉంది, దాదాపు 90 లక్షల ఎంట్రీలు, నంబరుతో వెతకొచ్చు. కానీ లెక్క వేసి చూడండి. చివరి నాలుగంకెలు 10,000 రకాలుగా ఉండొచ్చు, అంటే ఏ నాలుగంకెలు తీసుకున్నా దాదాపు 900 మంది తగులుతారు, వాళ్లలో ఇంటిపేరు ‘బీ’తో మొదలయ్యే వాళ్లే పదుల్లో ఉంటారు. కాబట్టి ఒట్టి లాండ్రీ గుర్తుతో మనిషి దొరికాడని ఎవరైనా అంటే నమ్మాల్సిన పనిలేదు. అదే సంచిలో ఒక ఉత్తరమో, సైనికుడు మెడలో వేసుకునే గుర్తింపు బిళ్ల అయిన డాగ్ ట్యాగో ఉండి, అందులోని పేరుకు ఈ గుర్తు సరిపోయిందంటే మాత్రం అది గట్టి సాక్ష్యం. గుర్తు పని మనిషిని చూపించడం కాదు, చూపించిన మనిషి నిజమా కాదా అని తేల్చడం.

డాగ్ ట్యాగ్‌ల్లోనూ ఇలాంటి వివరాలున్నాయి. అమెరికా ట్యాగ్‌ల మీద 1943 మధ్య దాకా దగ్గరి బంధువు పేరు, ఇంటి చిరునామా కూడా ఉండేవి, ఆ తర్వాత తీసేశారు. సర్వీస్ నంబరు 3తో మొదలైతే నిర్బంధంగా పిలిచినవాడు, 1 అయితే తనంతట తాను చేరినవాడు, 2 అయితే నేషనల్ గార్డ్ నుంచి వచ్చినవాడు. మరి హెల్మెట్ సంగతి? అమెరికా సైనికుల ఎం1 హెల్మెట్‌లో పేరు సాధారణంగా లోపలి లైనర్‌లో ఉంటుంది, బయటి ఉక్కు చిప్ప వేరు, లైనర్ వేరు, అర నిమిషంలో మార్చేయొచ్చు. లైనర్‌లో పేరుంటే అది లైనర్ యజమాని పేరు, అంతే.

వస్తువే నేరుగా కొన్నవాడి దాకా తీసుకెళ్లే సందర్భాలు అరుదు. బ్రిటన్‌కు చెందిన విల్కిన్‌సన్ కంపెనీ కత్తులు అలాంటివి. పిడికి దగ్గర, కత్తి వీపు మీద ఒక సీరియల్ నంబరు ఉంటుంది, కంపెనీ పాత రిజిస్టర్లలో ఆ నంబరు ఎదురుగా తేదీ, చాలాసార్లు కొన్న అధికారి పేరు. అప్పట్లో అధికారులు కత్తిని సొంత డబ్బుతో కొనుక్కునేవాళ్లు, అందుకే ఖాతా పుస్తకంలో పేరు ఎక్కింది. సైన్యమే ఉచితంగా ఇచ్చిన, తుపాకీ కొనకు బిగించే సిపాయి బాయ్‌నెట్ మీద తయారీ తేదీ, తనిఖీ ముద్రలు, వంచి పరీక్షించారని చెప్పే ఇంటూ గుర్తు, అన్నీ ఉంటాయి, మనిషి తప్ప.

నకిలీల విషయానికొస్తే, మెడల్ మొత్తం పోతపోసిన నకిలీని పట్టుకోవడం కాస్త అనుభవం ఉన్నవాడికి కష్టం కాదు. అసలు తలనొప్పి అసలు మెడల్ మీద మార్చిన పేరుతో. పాత పేరును ఆకురాయితో రుద్దేసి కొత్త పేరు కొడతారు. రుద్దినప్పుడు అంచు పలచబడుతుంది, వ్యాసం తగ్గుతుంది. వార్ మెడల్ వ్యాసం 36 మిల్లీమీటర్లు ఉండాలి, కాలిపర్స్‌తో రెండు మూడు చోట్ల కొలిస్తే ఎక్కడ తగ్గిందో తెలుస్తుంది, తూకమూ చెబుతుంది. అయితే పేరు మారిన ప్రతిదీ మోసం కాదు. మెడల్ పోగొట్టుకున్న సైనికుడు పరేడ్‌లో తిట్లు తప్పించుకోవడానికి ఎవరిదో కొనుక్కుని తన పేరు చెక్కించుకున్న సందర్భాలూ ఉన్నాయి. అలాంటి మెడల్‌కు ఇద్దరు యజమానులు, ఇద్దరూ నిజమే.

యుద్ధంలో చనిపోయిన వాళ్ల కుటుంబాలకు బ్రిటన్ ఇచ్చిన కంచు ఫలకం గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. జనం దాన్ని చనిపోయినవాడి పెన్నీ అనేవాళ్లు. దాదాపు 12 సెంటీమీటర్ల వెడల్పు, మొత్తం 13 లక్షలకు పైగా తయారయ్యాయి, అందులో దాదాపు 600 మహిళల పేర్లతో. దాని మీద హోదా ఉండదు, నంబరు ఉండదు, పేరు మాత్రమే, ఎందుకంటే ప్రాణం ఇచ్చిన చోట జనరల్, సిపాయి తేడా ఉండకూడదని అనుకున్నారు. ఆ ఆలోచన గొప్పదే గానీ వెతికేవాడికి అదే శాపం. బాగా వాడుకలో ఉన్న పేరైతే అది ఎవరి ఫలకమో ఫలకం చెప్పదు, యాభై మంది సరిపోతారు. అమ్మేవాడు ఆ యాభైలోంచి మంచి కథ ఉన్నవాణ్ని ఎంచుకుంటాడు. 1916 జులై 1న సోమ్ యుద్ధం మొదటి రోజున 19,240 మంది బ్రిటిష్ సైనికులు చనిపోయారు, ఆ తేదీకి మార్కెట్లో గిరాకీ ఎక్కువ, కాబట్టి అదే పేరున్నవాడు ఆ రోజు పోయిన వాళ్లలో ఒకడుంటే ఫలకం అతనిదైపోతుంది. ఫలకం నకిలీ కాదు, పేరు నకిలీ కాదు, వాటి మధ్య వేసిన ముడి నకిలీ. ఒక్క విషయం మాత్రం కంటితోనే చూడొచ్చు. అసలు ఫలకంలో పేరు పోతలోనే ఉబ్బెత్తుగా వస్తుంది, లోపలికి చెక్కి ఉంటే మాత్రం అనుమానించాలి.

బట్టలకు చేసే యూవీ లైటు పరీక్ష గురించి కూడా ఇలాంటి అపోహే ఉంది. కొత్త దారాల్లో, డిటర్జెంట్లలో ఉండే తెల్లదనం రసాయనాలు ఆ లైటు కింద నీలంగా వెలుగుతాయి కాబట్టి వెలిగితే నకిలీ అంటారు. 1970ల్లో ఎవరో ఇల్లాలు ఆ పాత చొక్కాను సబ్బు పొడితో ఉతికి ఉంటే అసలుదీ వెలుగుతుంది.

మనిషి ఖాయంగా దొరికాక కూడా రాసే కథలో జాగ్రత్త కావాలి. బ్రిటిష్ బెటాలియన్ల యుద్ధ డైరీలు రోజువారీగా ఉన్నాయి, ఎక్కడున్నారు, ఏ కందకంలో, వాన పడిందా, ఎన్ని గుండ్లు పడ్డాయి, అన్నీ. అందులో అధికారులు పేర్లతో కనిపిస్తారు, సిపాయిలు లెక్కలో కనిపిస్తారు, ముగ్గురు చనిపోయారు, పదకొండు మంది గాయపడ్డారు అని. కాబట్టి సిపాయి కథ అంటే చివరికి అతని బెటాలియన్ కథే. ఆ రోజు అతను ఆస్పత్రిలో ఉండొచ్చు, సెలవులో ఉండొచ్చు, వెనకాల గుర్రాల దగ్గర ఉండొచ్చు. దాడికి ముందు, అంతా పోతే మళ్లీ బెటాలియన్ కట్టుకోవడానికని కొంతమందిని కావాలనే వెనక ఉంచేవాళ్లు కూడా. ‘అతను పాల్గొన్నాడు’ అనడానికి, ‘అతని బెటాలియన్ పాల్గొంది’ అనడానికి మధ్య ఉన్న తేడాను పాటించే కలెక్టర్ రాసిన కాగితాన్నే నమ్మాలి.

వస్తువుల మీద మార్కెట్ చేసే గాయాలు ఇంకో రకం. 1980 మొదట్లో వెండి ధర ఒక్కసారిగా ఆకాశానికంటినప్పుడు బ్రిటిష్ వార్ మెడల్స్‌ను కుప్పలుగా కరిగించేశారు, ఎందుకంటే అవి స్టెర్లింగ్ వెండి. అదే సైనికుడి విక్టరీ మెడల్ కంచుది కాబట్టి మిగిలింది. అందుకే ఒంటరి విక్టరీ మెడల్స్ అన్ని కనిపిస్తాయి, వాటి జంటను ఎంత వెతికినా దొరకదు. మిగిలిన వాటిని పాలిష్ పట్టడం ఇంకో పాపం. యాభై ఏళ్లు ప్రతి సంస్మరణ దినానికీ ప్రేమగా తోమిన మెడల్ మీద ముందుగా చెరిగేది అంచు మీది అక్షరాలే.

కొన్ని వస్తువులను అసలు ముట్టుకోకపోవడమే మంచిది. రెండో ప్రపంచ యుద్ధపు విమాన మీటర్లు, కొన్ని చేతి గడియారాలు, దిక్సూచులు రేడియం పూతతో వెలిగేవి. ఇప్పుడు వెలగవు, అందుకని ప్రమాదం పోయిందనుకుంటారు. పాడైంది వెలుగునిచ్చే రసాయనం, రేడియం కాదు, దాని సగం బలం తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. అద్దం ఊడదీసి ముళ్లు తుడవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. అప్పటి బ్రిటిష్ గ్యాస్ మాస్కుల ఫిల్టర్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, పిల్లలకు తొడిగి ఫొటోలు తీయడం ఆపేయాలి.

యుద్ధభూముల్లో మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరిగే వాళ్ల విషయంలో మాత్రం ఈ సరదా హద్దు దాటుతుంది. రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ గుర్తింపు బిళ్ల మీద పేరు ఉండదు, యూనిట్, నంబరు, రక్తం గ్రూపు ఉంటాయి. మధ్యలో చిల్లుల గీత ఉంటుంది, మనిషి చనిపోతే విరిచి సగం శవంతో ఉంచి, సగం పైకి పంపాలి. ఆ నంబరు ఎవరిదో చెప్పే జాబితాలు బెర్లిన్‌లో ఉన్నాయి, 2019 నుంచి జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్స్ కింద. ఇప్పుడు మట్టిలోంచి విరగని, పూర్తి బిళ్ల బయటపడిందంటే అర్థం ఏమయ్యుండొచ్చు? అతని మరణాన్ని ఎవరూ నమోదు చేసి ఉండకపోవచ్చు, ఎముకలు అక్కడే ఉండొచ్చు. బిళ్లను జేబులో వేసుకుని వచ్చేస్తే ఆ ఎముకలు ఎప్పటికీ అనామకంగా మిగిలిపోతాయి. బ్రిటిష్ సైన్యం ఈ పాఠం ముందే నేర్చుకుంది. 1916 దాకా ఒకే బిళ్ల ఉండేది, మరణం రాసుకోవడానికి దాన్ని తీసుకెళ్తే తర్వాత శవాన్ని గుర్తుపట్టడానికి ఏమీ మిగిలేది కాదు, అందుకే ఎర్రది తీసుకెళ్లడానికి, ఆకుపచ్చది శవంతో ఉంచడానికి, రెండు చేశారు.

యజమాని దొరికాక వస్తువును ఉంచుకోవాలా, ఇచ్చేయాలా అన్నదానికి ఒకే జవాబు లేదు. చాలా మెడల్స్‌ను అమ్ముకున్నది ఆ కుటుంబాలే, కష్టకాలంలో తాకట్టు పెట్టింది ఆ సైనికులే. వంద ఏళ్ల తర్వాత ముని మనవడికి ఫోన్ చేస్తే అతను సంతోషించొచ్చు, నాకెందుకు అనొచ్చు, ఎంతిస్తావు అని కూడా అడగొచ్చు. జపాన్ జెండాల విషయంలో మాత్రం చాలామంది కలెక్టర్లు మెత్తబడతారు. యుద్ధానికి వెళ్లే కుర్రాడికి తెల్ల గుడ్డ మీద ఎర్ర సూర్యుడి చుట్టూ ఇంటివాళ్లు, స్నేహితులు, ఊరివాళ్లు సంతకాలు చేసి ఇచ్చేవాళ్లు, అతను దాన్ని మడిచి ఒంటి మీదే ఉంచుకునేవాడు. అమెరికా సైనికులు వాటిని వేల సంఖ్యలో ఇళ్లకు తెచ్చుకున్నారు. పదుల కొద్దీ పేర్లలో కుర్రాడి పేరు సాధారణంగా ఒక పక్కగా, కాస్త పెద్దగా ఉంటుంది. గుడి ముద్ర ఉంటే ఏ ప్రాంతమో తెలుస్తుంది, అరుదైన ఇంటిపేరు ఒకటి తగిలితే ఊరు దొరుకుతుంది. ఓరెగన్‌లోని ఓబోన్ సొసైటీ అనే సంస్థ ఇదే పని మీద ఉంది. విదేశాల్లో చనిపోయిన జపాన్ వాళ్లలో 11 లక్షల మందికి పైగా అవశేషాలు ఇప్పటికీ ఇంటికి చేరలేదు. అప్పట్లో చాలా ఇళ్లకు అస్థికల పేరుతో వచ్చిన చెక్కపెట్టె తెరిస్తే లోపల ఒక రాయో, గుప్పెడు ఇసకో, పేరు రాసిన కాగితమో ఉండేది. అలాంటి ఇంటికి ఇప్పుడు జెండా చేరితే దాన్ని రెండు చేతులా అందుకుని, ముందుగా అతని ఫొటో ముందు పెడతారు.